కథ చెప్పేది ఎవరు?

పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఒక కథ చదివి వినిపించడం కన్నా నిరపాయమైన పని లోకంలో మరొకటి ఉంటుందా? అమెరికాలో ఊరూరా ఉన్న పబ్లిక్ లైబ్రరీల్లో ఇది తరచుగా జరిగే కార్యక్రమమే. మనుమల్ని చూసుకోవడానికి అక్కడికి వెళ్ళివచ్చిన మన అమ్మమ్మలకు, నాయనమ్మలకు కూడా ఈ 'స్టోరీ టైమ్' బాగా తెలుసు. నేలమీద కూర్చున్న బుడతలు, వారి ఎదుట బొమ్మల పుస్తకం తెరిచి పట్టుకున్న ఒక మనిషి, వెనుక తల్లిదండ్రులు. అంతే.

అలాంటి కథల గంట ఒకటి గత పదేళ్ళలో ఆ దేశాన్ని రెండు వర్గాలుగా నిలబెట్టింది. లైబ్రరీల ముందు నినాదాలు, శాసనసభల్లో చట్టాలు, కోర్టుల్లో వ్యాజ్యాలు, చివరికి ఒక చర్చి మీద పెట్రోలు బాంబుల వరకు వెళ్ళింది వ్యవహారం. క్రైస్తవులు రెండు వైపులా ఉన్నారు. కారణం పుస్తకం మాత్రమే కాదు, పుస్తకం చదివే మనిషి. ఆ కుర్చీలో కూర్చున్నది 'డ్రాగ్' వేషధారి.

డ్రాగ్ అంటే ఒక రంగస్థల ప్రదర్శన. సాధారణంగా ఒక పురుషుడు పొడవాటి విగ్గు, తళుకుల గౌను, దట్టమైన రంగులతో స్త్రీ వేషాన్ని కావాలనే అతిగా ప్రదర్శిస్తాడు. ఈ వృత్తిలో స్త్రీలు కూడా కొందరున్నారు. మన దగ్గర హిజ్రాలుగా పిలువబడే వారూ, ఈ డ్రాగ్ వేషధారులూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ట్రాన్స్‌జెండర్లది వేషం కాదు, వారి జీవితం. 2014లో మన సుప్రీంకోర్టు వారిని మూడో జెండర్‌గా గుర్తించింది. డ్రాగ్ అనేది వేదిక దిగగానే తీసేసే వేషం. ఈ తేడా తెలియకుండా మాట్లాడితే ఒకరి మీది కోపం మరొకరి మీద చూపించినట్టవుతుంది.

ఇరుపక్షాల మాట

2015లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో మిషెల్ టీ అనే రచయిత్రి, రాడార్ ప్రొడక్షన్స్ అనే సాహిత్య సంస్థ తరఫున ఈ కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. అప్పటికి ఆమె ఒక పసివాడి తల్లి. అక్కడి నుంచి అది న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ వంటి నగరాలకు, తరువాత బ్రిటన్‌కు పాకింది. మొదట 'డ్రాగ్ క్వీన్ స్టోరీ అవర్' అని పిలిచేవారు. 2022లో సంస్థ తన పేరును 'డ్రాగ్ స్టోరీ అవర్'గా మార్చుకుంది.

సమర్థించేవారు ఏమంటారు? రంగుల దుస్తులు చూసి పిల్లలు ఉత్సాహంగా కథ వింటారని, చదువు మీద మక్కువ పెరుగుతుందని అంటారు. తోటి పిల్లలకంటే తాము వేరుగా ఉన్నామని లోలోపల కుమిలే పిల్లలకు ధైర్యం వస్తుందని, వేషభాషల్ని బట్టి ఎవరినీ ఎగతాళి చేయకూడదన్న పాఠం చిన్నప్పుడే అందుతుందని అంటారు. పైగా, రమ్మని ఎవరినీ బలవంతం చేయడం లేదు, ఇష్టమైన తల్లిదండ్రులే పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు కదా అన్నది వారి ప్రశ్న.

వ్యతిరేకించేవారి మాట కూడా తేలిగ్గా తీసివేయదగినది కాదు. డ్రాగ్ ప్రదర్శనలు పెరిగింది ఎక్కువగా బార్లలో, రాత్రి క్లబ్బుల్లో, పెద్దల కోసం. దాన్ని పసిపిల్లల గదిలోకి ఎందుకు తేవాలి అని వారడుగుతారు. ఇది కేవలం వినోదం కాదని, ఆడ మగ తేడా గురించి, స్వలింగ సంబంధాల గురించి పిల్లల ఆలోచనను మలచాలన్నదే ఉద్దేశమని అంటారు. ఇది కల్పించిన ఆరోపణ కూడా కాదు. ఆ విషయంలో పిల్లలకు కొత్త ఆదర్శాలను చూపించడం తమ లక్ష్యమని నిర్వాహకులే బాహాటంగా చెప్పుకున్నారు. మూడేళ్ళ, ఐదేళ్ళ పిల్లలు తాము వింటున్నది తూచి చూడగలరా? ఆ పని ప్రజల పన్నులతో నడిచే లైబ్రరీలో జరగవచ్చా?

ఈ ప్రశ్నలు చట్టసభలకెక్కాయి. 2023 మార్చిలో టెన్నెసీ రాష్ట్రం పిల్లల ఎదుట జరిగే అసభ్య ప్రదర్శనలను నిషేధిస్తూ, స్త్రీ పురుష వేషధారులను కూడా అందులో చేర్చి చట్టం చేసింది. జూన్‌లో ఒక ఫెడరల్ జడ్జి అది రాజ్యాంగ విరుద్ధమన్నారు. 2024 జూలైలో పై కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. దావా వేసిన నాటక సంస్థకు ఆ దావా వేసే అర్హత లేదన్నది అది చెప్పిన కారణం. మోంటానా రాష్ట్రం 2023 మేలో, పాఠశాలల్లో, పబ్లిక్ లైబ్రరీల్లో డ్రాగ్ కథల గంటలను నేరుగా నిషేధించింది. అదే సంవత్సరం ఫెడరల్ కోర్టు ఆ చట్టం అమలును ఆపింది.

మన తలుపు, వారి తలుపు

ఈ వివాదం మీద విశ్వాసుల మధ్య జరిగిన ఒక వాదన మనకు చాలా నేర్పుతుంది. 2019 మేలో సోహ్రాబ్ అహ్మరీ అనే కేథలిక్ రచయిత, శాక్రమెంటో నగర లైబ్రరీలో ఇటువంటి కార్యక్రమం జరగబోతున్నదన్న ప్రకటన చూసి మండిపడ్డారు. మర్యాదగా మాట్లాడుతూ కూర్చుంటే సమాజం చేయి దాటిపోతుందని, క్రైస్తవులు అధికారబలం ఉపయోగించి సమాజాన్ని మేలువైపు మళ్ళించాలని రాశారు. ఆయన ప్రధానంగా తప్పుపట్టింది డేవిడ్ ఫ్రెంచ్ అనే మరో క్రైస్తవుణ్ణి. ఫ్రెంచ్ ప్రొటెస్టెంటు, మత స్వేచ్ఛ కేసులు ఏళ్ళ తరబడి వాదించిన న్యాయవాది. ఆయనకూ ఈ కథల గంట నచ్చదు. అయితే దాన్ని ప్రభుత్వం చేత మూయించమని అడగడం మాత్రం క్షేమం కాదంటారు. ఆ ఏడాది సెప్టెంబరులో ఇద్దరూ వాషింగ్టన్‌లోని కేథలిక్ విశ్వవిద్యాలయంలో ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు.

ఫ్రెంచ్ వాదానికి వెనుక ఒక చరిత్ర ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక సువార్త సంఘం, కుటుంబ జీవితం మీద క్రైస్తవ దృక్పథంతో తీసిన చిత్రాలను బడి వేళల తరువాత ఒక ప్రభుత్వ పాఠశాలలో చూపిస్తామని అడిగింది. మతసంబంధమని అధికారులు నిరాకరించారు. 1993లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ సంఘం పక్షాన తీర్పు చెప్పింది. అదే రాష్ట్రంలో మిల్‌ఫర్డ్ అనే ఊళ్ళో, 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు బైబిలు కథలు, పాటలు, కంఠత వచనాలు నేర్పే గుడ్ న్యూస్ క్లబ్బుకు పాఠశాల గది ఇవ్వలేదు. ఆ క్లబ్బులు నడిపేది మన సండే స్కూలు టీచర్లలో చాలామందికి తెలిసిన చైల్డ్ ఇవాంజలిజం ఫెలోషిప్ సంస్థే. 2001లో సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో క్లబ్బు పక్షాన నిలిచింది. బయటి సంస్థలకు గది ఇచ్చేటప్పుడు, వారి దృక్పథం నచ్చలేదని తలుపు మూయడానికి వీల్లేదన్నది ఆ తీర్పుల సారాంశం.

మిల్‌ఫర్డ్ కేసులో పాఠశాల వారు చేసిన వాదన ఏమిటో గమనించండి. పిల్లలు మరీ చిన్నవాళ్ళు, లేత మనసులు, వినేది తూచుకోలేరు, బడి గోడల మధ్య వింటే ప్రభుత్వమే చెబుతోందనుకుంటారు! ఈనాడు మనవాళ్ళు డ్రాగ్ కథల గంట గురించి చెబుతున్నది కూడా దాదాపు అదే మాట. మన బైబిలు కథలకు వ్యతిరేకంగా ఆనాడు నిలబడిన వాదాన్ని ఈనాడు మనమే చేత పట్టుకుంటే, రేపు అది మళ్ళీ మన మీదికే రాదన్న హామీ ఎవరిస్తారు? ఆనాడు కోర్టు ఇంకొక మాట కూడా చెప్పింది. తల్లిదండ్రుల అనుమతితోనే పిల్లలు క్లబ్బుకు వస్తున్నారు కనుక వారి నిర్ణయానికి విలువ ఇవ్వాలన్నది. ఆ మాటకు ఇక్కడా విలువ ఉండాలి కదా.

2022లో క్రైస్తవ నటుడు కిర్క్ కేమరన్ తన పిల్లల పుస్తకం చదవడానికి ముందుకొస్తే, ఎన్నో లైబ్రరీలు కుదరదన్నాయని ఆయన ప్రచురణకర్తలు చెప్పారు. కానీ తలుపు అందరికీ తెరిచి ఉండాలన్న నియమాన్ని ఆధారం చేసుకునే ఆయనా చోటు అడిగారు. ఆ ఏడాది డిసెంబరు 29న ఇండియానాపోలిస్ లైబ్రరీలో ఆయన చదివినప్పుడు జనం కిక్కిరిసిపోయారు. ఎదుటివారి కథ నచ్చనప్పుడు మన కథను ఇంకా బాగా చెప్పడం కూడా ఒక జవాబే.

వేషమా, పాఠమా?

"మరి ద్వితీయోపదేశకాండము 22:5 మాటేమిటి?" అని విశ్వాసులు అడుగుతారు. స్త్రీ వస్త్రాలు పురుషుడు, పురుష వస్త్రాలు స్త్రీ ధరించడాన్ని ఆ లేఖనం దేవునికి హేయమైనదిగా చెబుతుంది. స్త్రీ పురుషులుగా తాను చేసిన సృష్టిని దేవుడు గౌరవిస్తాడు, మనమూ గౌరవించాలి. మేము బోధించేదీ అదే. అయితే ఆ ఒక్క వచనాన్ని రాయిలా విసరడానికి ముందు, సంఘం దాన్ని ఎలా చదివిందో చూడటం మంచిది.

సంస్కర్త మార్టిన్ లూథర్ ఈ వచనం మీద వ్యాఖ్యానిస్తూ, అపాయం తప్పించుకోవడానికో, ఆటకోసమో, శత్రువును ఏమార్చడానికో వేసే వేషాన్ని ఇది నిషేధించడం లేదన్నాడు. ఇంగ్లండులో ప్యూరిటన్ల మార్గం వేరు. ఆ రోజుల్లో అక్కడ స్త్రీ పాత్రలు మగపిల్లలే వేసేవారు. 1599లో ఆక్స్‌ఫర్డ్ పండితుడు జాన్ రేనాల్డ్స్ ఈ వచనాన్నే చూపించి నాటకాలను తీవ్రంగా ఖండించాడు. విశేషమేమిటంటే, 1566లో ఎలిజబెత్ రాణి ఎదుట ఆక్స్‌ఫర్డులో ఆడిన నాటకంలో హిప్పోలిటా అనే రాణి పాత్ర వేసింది కుర్రవాడైన ఈ రేనాల్డ్సే! 1604లో బైబిలుకు కొత్త అనువాదం కావాలని జేమ్స్ రాజును అడిగి, 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదానికి నాంది పలికినవాడు కూడా ఆయనే. ఒకే వచనం దగ్గర భక్తిగలవారు ఇద్దరు రెండు విధాలుగా నిలబడ్డారు.

స్త్రీ వేషం తెలుగువారికి కొత్త కాదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా వేదికనెక్కితే ఆబాలగోపాలం చూసి ఆనందించారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ స్త్రీ వేషానికి జాతీయ గౌరవాలు అందాయి. ఆ నాటకాలకు పిల్లల్ని తీసుకువెళ్ళినందుకు ఎవరూ తల్లిదండ్రుల్ని నిందించలేదు. అలాగని "అదీ ఇదీ ఒకటే" అనడం కూడా నిజాయితీ కాదు. అక్కడ వేషం కథ కోసం. సత్యభామ కథ చెప్పడానికి వేషం వేశారు. ఇక్కడ కథ ఒక ఎత్తు, వేషమే ఒక పాఠం. కనుక తల్లిదండ్రులు అడగవలసింది "ఏం తొడుక్కున్నాడు?" అని మాత్రమే కాదు, "నా బిడ్డకు ఏం నేర్పుతున్నాడు?" అని. ఆ పాఠం తమ విశ్వాసానికి సరిపడదనుకున్న తల్లిదండ్రులు ఆ గదికి వెళ్ళకుండా ఉండటంలో తప్పేమీ లేదు. మా సలహా అడిగితే వెళ్ళవద్దనే చెబుతాము.

ఒకే నగరం, రెండు వార్తలు

పిల్లల భద్రత పేరుతోనే ఈ పోరాటమంతా జరుగుతోంది కనుక, 2019లో హ్యూస్టన్ నగరంలో వచ్చిన రెండు వార్తలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆ మార్చిలో హ్యూస్టన్ పబ్లిక్ లైబ్రరీ క్షమాపణ చెప్పింది. తమ డ్రాగ్ కథల గంటలో పాల్గొన్న ఒక వ్యక్తి, గతంలో ఒక పిల్లవాడిపై లైంగిక నేరానికి శిక్షపడి, నేరస్తుల జాబితాలో నమోదైనవాడని బయటపడింది. అతని పూర్వాపరాలు ముందుగా తనిఖీ చేయలేదని లైబ్రరీ అంగీకరించింది. దేశమంతటా చర్చిల్లో ఈ వార్త మారుమోగింది. మారుమోగవలసిందే.

కానీ దానికి సుమారు ఒక నెల ముందు, ఫిబ్రవరిలో, అదే నగరపు దినపత్రిక హ్యూస్టన్ క్రానికల్, శాన్ ఆంటోనియో పత్రికతో కలిసి మరో వార్తామాలిక ప్రచురించింది. అమెరికాలో అతి పెద్ద ప్రొటెస్టెంటు సమాఖ్య అయిన సదరన్ బాప్టిస్టు సంఘాల్లో, 20 ఏళ్ళ కాలంలో సుమారు 380 మంది సంఘ నాయకులు, పరిచారకులు లైంగిక ఆరోపణలు ఎదుర్కొన్నారని, బాధితులు 700 మందికి పైగా ఉన్నారని అది బయటపెట్టింది. బాధితుల్లో సండే స్కూలు పిల్లలు, యువజన కూటాల పిల్లలు ఉన్నారు. 2022 మేలో వెలువడిన స్వతంత్ర నివేదిక ఇంకా బాధాకరం. నిందితుల జాబితా సమాఖ్య కార్యాలయంలోనే ఏళ్ళ తరబడి తయారవుతున్నా, దాన్ని సంఘాలకు చెప్పలేదు.

వేషం వేసుకున్న ఒక్క మనిషి గురించి దేశమంతా అరిచిన మనవాళ్ళు, సూటూ బూటూ వేసుకుని బైబిలు పట్టుకున్న వందలమంది గురించి అంత గట్టిగా అరిచారా? తోడేలు గొర్రె తోలు కప్పుకుని వస్తుందని ప్రభువు హెచ్చరించింది విశ్వాసులనే (మత్తయి 7:15). చిన్నపిల్లలను ఆటంకపరచేవాని గురించి ఆయన చెప్పిన తిరుగటిరాయి మాట (మత్తయి 18:6) లైబ్రరీకి ఒక బరువు, చర్చికి ఒక బరువు తూగదు. మనం ఏ కొలతతో కొలుస్తామో ఆ కొలతతోనే మనకూ కొలవబడుతుంది.

ఇది అమెరికా మాట మాత్రమే కాదు. మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాలి. దాచిపెడితే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. పాస్టరుకూ, సంఘ పెద్దకూ మినహాయింపు లేదు. ప్రతి వేసవిలో వి.బి.ఎస్. పేరుతో వందలమంది పిల్లల్ని మన ప్రాంగణాల్లోకి పిలుస్తాం. వారికి కథలు చెప్పే వాలంటీర్లు ఎవరో, వారి పూర్వాపరాలేమిటో విచారిస్తున్నామా? పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండేలా చూస్తున్నామా? "నీకెవరైనా ఇబ్బంది కలిగిస్తే ఎవరితో చెప్పాలో తెలుసా?" అని ఒక్క బిడ్డనైనా అడిగామా? సంఘం పరువు పోతుందని నోరు మూయించిన ఇంట్లో, లైబ్రరీ మీద కోపం ఎంత ఉన్నా అది నీతి అనిపించుకోదు.

ఆకాశం నుంచి అగ్ని

2022 జూన్‌లో కాలిఫోర్నియాలోని శాన్ లొరెంజో లైబ్రరీలో కథ వింటున్న పిల్లల మధ్యకు కొందరు పురుషులు చొరబడి బూతులు తిట్టారు. 2023 మార్చి 25న ఒహాయో రాష్ట్రంలోని చెస్టర్‌ల్యాండ్ అనే చిన్న ఊళ్ళో ఒక చర్చి మీద పెట్రోలు బాంబులు పడ్డాయి. ఆ చర్చి మరో వారంలో డ్రాగ్ కథల గంటకు చోటివ్వబోతున్నది. బాంబులు వేసింది ఇరవై ఏళ్ళ కుర్రవాడు. నేరం ఒప్పుకున్నాడు. 2024 జనవరిలో అతనికి 18 ఏళ్ళ జైలుశిక్ష పడింది. పిల్లల్ని కాపాడే పేరుతో చేసిన పని అది!

ఆ చర్చి నిర్ణయంతో మనం ఏకీభవించనక్కరలేదు. మేమైతే మా సంఘంలో అందుకు చోటివ్వము. కానీ ఒక సమరయ గ్రామం తమ ప్రభువును చేర్చుకోలేదని, ఆకాశం నుంచి అగ్ని కురిపించమంటావా అని అడిగిన యాకోబు యోహానులకు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి (లూకా 9:51-56). ప్రభువు మందలించింది సమరయులను కాదు, తన శిష్యులనే. తరువాత వారు మరో గ్రామానికి నడిచి వెళ్ళిపోయారు. నచ్చని గది నుంచి నిశ్శబ్దంగా మరో గదికి నడిచి వెళ్ళే హక్కు ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది. ఆ హక్కు కోసం న్యాయంగా మాట్లాడవచ్చు, లైబ్రరీ బోర్డుకు మర్యాదగా వినతిపత్రం ఇవ్వవచ్చు, ఓటు వేయవచ్చు. బూతూ నిప్పూ మాత్రం మన ప్రభువు చేతికిచ్చిన ఆయుధాలు కావు.

డాలస్‌లో, న్యూజెర్సీలో కాపురముంటున్న మన తెలుగు విశ్వాసుల పిల్లలు రేపు లైబ్రరీలోనో, బడిలోనో ఇలాంటి వేషధారిని చూసి "అమ్మా, ఆ మనిషి ఎవరు?" అని అడగవచ్చు. ఉలిక్కిపడి కళ్ళు మూయనక్కరలేదు, ఆ మనిషిని తిట్టనూ అక్కరలేదు. "ఆయన వేషం వేసుకున్నాడు నాన్నా. ఆయన చెప్పేవన్నీ మనం నమ్మం. కానీ ఆయన్నీ దేవుడే చేశాడు, మనం ఎగతాళి చేయకూడదు" అంటే బిడ్డకు అర్థమవుతుంది. సత్యమూ ప్రేమా రెండూ ఒకే వాక్యంలో ఇముడుతాయని వాడు నేర్చుకుంటాడు.

ఇంతకూ లైబ్రరీలో కథ ఒక గంట. మిగిలిన గంటల్లో మన పిల్లలకు కథ చెబుతున్నది ఎవరు? ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమని ఇశ్రాయేలు తల్లిదండ్రులకు ఆజ్ఞ (ద్వితీయోపదేశకాండము 6:7). ఆ నాలుగు వేళల్లోనూ ఇప్పుడు సెల్‌ఫోను మాట్లాడుతోంది. దావీదు గొల్యాతు కథ, దానియేలు సింహాల గుహ కథ నాన్న నోట విన్న పిల్లలు మన సంఘాల్లో ఎంతమంది ఉన్నారు? పరాయివాడు మన బిడ్డకు ఏ కథ చెబుతాడో అన్న భయం మంచిదే. మనం ఏ కథా చెప్పడం లేదన్న భయం అంతకంటే మంచిది.

పిల్లల్ని తన దగ్గరకు రానివ్వమన్న ప్రభువు (మార్కు 10:13-16) వారిని ఎత్తుకున్నాడు, చేతులుంచి ఆశీర్వదించాడు. పెద్దలు వాదించుకుంటూ ఉంటే ఆయన బిడ్డలకు ఒడి చూపించాడు. ఈ రాత్రి మన ఇంట్లో ఒక బిడ్డ నిద్రపోయే ముందు కాసేపు ఫోను పక్కన పెడదాం. బిడ్డను ఒడిలోకి తీసుకుని ఒక కథ చెబుదాం.